పరుల యింట పాట



పిల్లల కొరకు వ్రాయబడిన పుస్తకములను పెద్దలు చదువుట మన సంఘములలో అంత వాడుక కాదు. పాస్టరు చేతిలో వ్యాఖ్యాన గ్రంథ ముండవలెను గాని కథల పుస్తకమేమిటని మీరనుకొనవచ్చును. అయినను ఈ నెల మీ యెదుట పెట్టదలచినది ఒక కథయే. అది స్విట్జర్లాండు దేశపు నవల, పేరు 'హైదీ'. హైదరాబాదులో వేదాంత విద్య నభ్యసించు దినములలో, ఒక ఆదివారము ఆరాధన ముగిసిన పిమ్మట, ఆబిడ్స్ కాలిబాట మీది పాత పుస్తకముల కుప్పలో దాని ఇంగ్లీషు ప్రతిని కొంటిని. అప్పుడు దానిని కథగా చదివితిని. ఏబది యేండ్లు దాటిన తరువాత మరల చదువగా అది నన్ను ప్రశ్నలడుగు పుస్తకమైనది.

దానిని వ్రాసినది జోహన్నా స్పీరీ అను స్త్రీ. ఆమె 1827లో జ్యూరిక్ నగరమునకు దాపుననున్న హిర్జెల్ అను కొండ గ్రామములో పుట్టినది. తండ్రి వైద్యుడు. తల్లి మెటా హాయిసర్ ఒక పాస్టరుగారి కుమార్తె. భక్తి కీర్తనలు వ్రాసిన కవయిత్రి. కీర్తనలు ఆ యింట ఉప్పు వలె నిత్యము వాడబడినవని వేరుగా చెప్పనక్కరలేదు. నవల మొదటి భాగము 1880లో, రెండవ భాగము 1881లో జర్మను భాషలో వెలువడెను. మొదటి భాగము మీద రచయిత్రి పేరైనను లేదు. 1884లో ఆమె ఏకైక కుమారుడును భర్తయు ఒకే సంవత్సరమున మరణించిరి. పరుల దుఃఖమునకు ఓదార్పు వ్రాసిన చేతికి తన ఓదార్పు తానే వెదకుకొనవలసి వచ్చెను.

కథ సంగతి చెప్పెదను. హైదీ ఏడాది బిడ్డగా నుండగా వడ్రంగియైన తండ్రి మీద దూలము పడి ఆయన చనిపోయెను. కొద్ది వారములకే తల్లియు కన్నుమూసెను. అమ్మమ్మ పెంచెను, ఆమెయు పోయెను. తల్లి తోబుట్టువైన డేటే ఆ బిడ్డను ఒక ముసలమ్మ యింట డబ్బిచ్చి ఉంచెను. అయిదేండ్ల ప్రాయమున కొండమీద ఒంటరిగా, ఊరివారితో మాటలు లేక బ్రదుకుచున్న తాతకు అప్పగించెను. ఆ ముసలివానితో బిడ్డకు ప్రాణము కలిసినది. ఎనిమిదేండ్లు వచ్చిన తరువాత అదే డేటే మరల వచ్చి, ఫ్రాంక్‌ఫర్టు పట్టణములో ఒక ధనవంతుని యింట, నడువలేని అతని కుమార్తె క్లారాకు తోడుగా ఉండుటకు తీసికొనిపోయెను. ఎనిమిదేండ్లకు ఎన్ని గడపలో లెక్కించుడి!

ఆ యింట ఏమి తక్కువ? తిండియున్నది, బట్టయున్నది, మెత్తని పరుపున్నది. క్లారా ప్రేమించినది. క్లారా నాయనమ్మ ఓపికతో చదువు నేర్పి, ప్రార్థన చేయుటయు నేర్పినది. గాని ఇల్లు నడుపు దొరసానమ్మ మాత్రము, బిడ్డ తన కొండను తలచుకొని వెళ్లబోయినప్పుడు, అది కృతఘ్నత అనెను. ఆ మాట విన్న తరువాత హైదీ పగలు ఏడ్చుట మానుకొన్నది. రాత్రులు దిండులో ముఖము దాచుకొని ఏడ్చినది. కొండ క్రింద నున్న గ్రుడ్డి అవ్వ గట్టి రొట్టె నమలలేదని తెలిసి, తన భోజనపు తెల్లని రొట్టెలను బట్టల బీరువాలో దాచినది. వాటిని చూచి అసహ్యపడి పారవేయించిరి.

ఇంతలో ఆ యింట వింత జరుగసాగెను. ప్రతి ఉదయము వీధి తలుపు బార్లా తెరచియుండెను. దయ్యమని పనివారు వణకిరి. యజమానుడును అతని స్నేహితుడైన డాక్టరును ఒక రాత్రి పిస్తోళ్లతో కావలి కూర్చుండిరి. వచ్చినది దయ్యము కాదు. తెల్లని రాత్రి చొక్కాలో, వట్టి కాళ్లతో, నిద్రలో నడచుచున్న హైదీ! ప్రతి రాత్రియు అదే కల: తాత గుడిసె వెనుక దేవదారు చెట్లలో గాలి హోరు వినబడును, తలుపు తీయును, మేలుకొని చూడగా ఫ్రాంక్‌ఫర్టే. ఆ బిడ్డ యెరిగిన మొదటి సంగీతము ఆ చెట్ల హోరు. పట్టణమునకు వచ్చిన మొదటి దినములలోనే వీధిలో బండ్ల చక్రముల ధ్వని విని అదే యనుకొని తలుపునకు పరుగెత్తినది.

ఇక్కడ డాక్టరుగారు చేసిన పనిని గమనింపుడి. ఆయన మందు వ్రాయలేదు, నీతి చెప్పలేదు. ఇది ఇంటి బెంగ. దీనికి ఒకటే వైద్యము. బిడ్డను వెంటనే ఇంటికి పంపవలెనని యజమానునితో చెప్పెను. అట్లే జరిగెను.

కీర్తన ఈ కథలోనికి ప్రవేశించుట దీని తరువాతనే. గ్రుడ్డి అవ్వ గుడిసెలో గూటిమీద ఒక పాత కీర్తనల పుస్తకముండెను. చదువువారు లేక ఏండ్ల తరబడి దుమ్ము పట్టియుండెను. పట్టణములో చదువు నేర్చిన హైదీ దానిని దింపి ఒక కీర్తన చదివినది. అవ్వ ముఖము మీద ఎన్నడును లేని వెలుగు కనబడెను. పిల్ల దానిని పాడినదని రచయిత్రి వ్రాయలేదు; చదివినదనియే వ్రాసినది. గాని తెలుగువారమైన మనకు ఆ రెంటికి పెద్ద యెడము లేదు. మన ముసలివారు కీర్తనల పుస్తకము చేతబట్టి చదువుటయే సగము పాడుట గదా!

ఆ కీర్తన కల్పితము కాదు. పౌల్ గేర్హార్ట్ అను జర్మను లూథరన్ పాస్టరు వ్రాసిన ఉదయ కీర్తన, బంగారు సూర్యుని గూర్చినది, 1666లో ప్రకటింపబడినది. ఈ గేర్హార్ట్ 1607లో పుట్టి, ముప్పది యేండ్ల యుద్ధములో ఎదిగినవాడు. అయిదుగురు బిడ్డలలో నలుగురిని పాతిపెట్టినవాడు. పాలకుని ఆజ్ఞకు మనస్సాక్షి ఒప్పక సంతకము చేయనందున బెర్లిను సంఘములో తన పనిని పోగొట్టుకొన్నవాడు. 1668లో భార్యను కూడ పోగొట్టుకొనెను. అట్టివాడు సూర్యోదయమును గూర్చి వ్రాసిన పాట, రెండు వందల యేండ్ల తరువాత, సూర్యుని చూడలేని అవ్వకు వెలుగైనట్లు ఈ కథ చెప్పుచున్నది.

రెండవ భాగములో ఆ డాక్టరుగారే కొండకు వచ్చెను. ఈ మధ్యకాలములో ఆయన ఏకైక కుమార్తె మరణించెను. వైద్యుడే రోగియైనాడు. హైదీ ఆయన ప్రక్క కూర్చుండి గేర్హార్ట్ వ్రాసిన మరియొక కీర్తన ఒప్పగించినది. దాని చరణముల మొదటి మాటలను వరుసగా కూర్చిన 37వ కీర్తనలోని 5వ వచనమగును. నీ మార్గమును దేవునికి అప్పగించుమనుట దాని భావము. డాక్టరుగారు ఏమియు పలుకలేదు. చిన్నతనమున తల్లి కుర్చీ ప్రక్క నిలిచి ఆ కీర్తననే వినిన దినము ఆయనకు గుర్తువచ్చెను. బిడ్డను ఇంటికి పంపినవానికి ఆ బిడ్డయే ఇంటిని జ్ఞాపకము చేసినది.

చదువరీ, ఇక్కడ ఒక మాట నిదానించి ఆలోచింపవలెను. కీర్తన హైదీకి ఇంటికి బదులుగా ఇయ్యబడలేదు. ఇంటికి వచ్చిన తరువాత ఇయ్యబడినది. ఫ్రాంక్‌ఫర్టులో ఆమె నోట పాట రాలేదు. ఏడుపైనను బయటకు రాలేదు. ఈ వరుసను మనము తారుమారు చేయుదుము. ఇల్లు లేని బిడ్డకు ముందు పాట నేర్పి, పాడుచున్నాడు గనుక సుఖముగా నున్నాడనుకొందుము.

ఇది కథలోని సంగతి మాత్రమే కాదు. ఆ స్విట్జర్లాండులోనే తండ్రి లేనివారిని, పేదల బిడ్డలను గ్రామాధికారులు రైతుల యిండ్లలో పనికి అప్పగించు ఆచారము చాల కాలముండెను. కొన్ని చోట్ల వేలము వేసి, పోషణకు అందరికంటె తక్కువ డబ్బడిగినవానికి బిడ్డనిచ్చెడివారు. జెరెమియాస్ గొట్‌హెల్ఫ్ అను పేరుతో వ్రాసిన ఒక పాస్టరు 1837లోనే తన మొదటి నవలలో అట్టి బాలుని బ్రదుకును చూపెను. అయినను ఆ ఆచారము ఇరువదియవ శతాబ్దములో కూడ చాల దూరము సాగెను. 2013 ఏప్రిల్ 11న బెర్న్ నగరములో ఆ దేశ ప్రభుత్వము పక్షముగా మంత్రి సిమొనెట్టా సొమ్మరూగా, ముసలివారైన ఆ బిడ్డలను క్షమాపణ కోరెను. 2017లో అమలునకు వచ్చిన చట్టము ప్రకారము ఒక్కొక్కరికి 25,000 ఫ్రాంకులు ఇచ్చుటకు ఏర్పాటైనది. ఆ బిడ్డలు పెరిగినది కూడ ఆదివారము గంట మ్రోగు గ్రామములలోనే. కీర్తనల పుస్తకములు అక్కడ కరవు కాలేదు.

మన మాటకు వచ్చెదను. మన మిషను బోర్డింగులు ఎంతో మేలు చేసినవి. నేనును బోర్డింగు అన్నము తిని చదువుకొన్నవాడనే. అయినను దాతలు వచ్చినప్పుడు పిల్లలను వరుసగా నిలువబెట్టి పాడించుట మీరు చూచియుందురు. పిల్లలు పాడుదురు, దాతలు కన్నీరు తుడుచుకొందురు, ఫోటోలు తీయుదురు. అట్టి సమయములలో నాకు 137వ కీర్తన గుర్తువచ్చును. బబులోను నదుల యొద్ద చెరపట్టినవారు చెరలోనివారిని సీయోను పాట పాడుమనిరి. వారు తమ సితారాలను చెట్లకు తగిలించిరి. దేవుడు ఆ మౌనమును తప్పు పట్టలేదు. దానిని కూడ కీర్తనల గ్రంథములో చేర్చుకొనెను.

మా పాస్టరేటు పరిధిలోని ఒక హాస్టలులో తొమ్మిదేండ్ల పిల్ల యుండెను. తల్లి కువైటులో ఇంటిపనికి వెళ్లినది. తండ్రి జాడ లేదు. పిన్ని యింట కొన్నాళ్లు, మేనమామ యింట కొన్నాళ్లు ఉండి అక్కడికి చేరినది. తోటి పిల్లలను కొట్టుచున్నదని, క్రిస్మసు మిఠాయిలు పెట్టెలో దాచి చీమలు పట్టించినదని ఫిర్యాదులు వచ్చినవి. అడుగగా, అమ్మమ్మ యొద్దనున్న తమ్ముని కొరకు దాచితినని చెప్పినది. నాకు బీరువాలోని రొట్టెలు కన్నులయెదుట నిలిచినవి.

ఆ పిల్ల సాయంకాల ప్రార్థనలో పెదవి విప్పదు. గాని ఒంటరిగా పంపు దగ్గర పళ్లెము కడుగుకొనునప్పుడు సన్నగా ఒక కీర్తన పాడుకొనును. అది అమ్మమ్మ నేర్పినదట. ఎంత చక్కని గొంతు! క్రిస్మసు కార్యక్రమములో పాడించవలెనని కమిటీలో ఒకరన్నారు. అప్పుడు వార్డెను టీచరమ్మ నాతో ఇట్లనెను:

"అయ్యగారండీ, ఆ పిల్లను పాడమని అడక్కండి. అది పాడేది మనకోసం కాదు. ఆ పాటలో వాళ్ల అమ్మమ్మ ఉంది. అదొక్కటే దానికి మిగిలింది."

ఆ మాటకు మించిన వ్యాఖ్యానము నేను ఏ గ్రంథములోను చదువలేదు. కమిటీవారు తరువాత అమ్మమ్మ ఊరు వెళ్లి విచారించిరి. ఆమె పిల్లను వద్దన్నది లేదు. ఇద్దరిని పోషించు శక్తి లేక ఊరకున్నది. హాస్టలులో ఆ పిల్లకు అగుచున్న వ్యయములో సగముతో ఆ యింటికి బియ్యమును, ఇద్దరి చదువు ఖర్చును సమకూరునని లెక్క తేలినది. తల్లితో ఫోనులో మాటలాడి, అధికారుల అనుమతి తీసికొని, వేసవి సెలవులకు ముందే పిల్లను పంపిరి. ఇప్పుడామె దేవదూతవలె మారినదని నేను వ్రాయను. తమ్మునితో పోట్లాడుచునే యున్నది. తల్లి ఫోను రాని వారము అన్నము మానుచున్నది. గాని పాట మానలేదట.

మన దేశములో 2015లో చేయబడిన బాలల న్యాయ చట్టము కూడ, బిడ్డను సంస్థలో ఉంచుట చివరి ఉపాయముగానే యుండవలెనని చెప్పుచున్నది. తగిన కుటుంబములో ఉంచి పెంచు ఏర్పాటునకును దారి చూపుచున్నది. ఇల్లే లేని బిడ్డలు, ఇల్లే అపాయమైన బిడ్డలు ఉన్నారు. వారికి హాస్టలు కావలెను, మంచి హాస్టలు కావలెను. గాని ఇల్లుండియు పేదరికము వలన ఇల్లు విడిచిన బిడ్డకు మన కానుక మొదట చేరవలసినది ఆ యింటికే.

ఇంకొక మాట. శీతకాలమున హైదీ ప్రతి దినము అవ్వ యొద్దకు రాలేకపోయినది. అందుచేత అవ్వ మనుమడు, మేకలు కాయు పీటరుకు చదువు నేర్పినది. వాడు కీర్తన చదువుచు కష్టమైన మాట వచ్చినప్పుడెల్ల దాటవేసెడివాడు. అన్ని మాటలలో మూడు నాలుగు లేకపోయిన అవ్వకేమి లోటని వాని ఆలోచన! మనమును ఇట్లే చదువుచున్నాము. ఓదార్పు, సంతోషము, స్తోత్రము అను మాటలు సులభముగా పలుకుదుము. అద్దె, బియ్యము, ఫీజు, బస్సు ఖర్చు అను మాటలు వచ్చినప్పుడు దాటవేయుదుము. ఆ మాటలు లేని కీర్తన సగము కీర్తనయే.

కావున చదువరీ, ఈ మారు మీరు ఒక బాలల గృహమునకు పండ్లును బట్టలును తీసికొనిపోయినప్పుడు, పాట పాడుమని అడుగకుడి. ప్రక్కన కూర్చుండుడి. మీ ఊరేది, మీ యింట ఎవరున్నారు, మీ అమ్మమ్మ ఏమి వండును అని అడుగుడి. బిడ్డ మౌనముగా నుండిన, ఆ మౌనమును కూడ దేవుడు వినుచున్నాడని నమ్ముడి. తరువాత వార్డెనును కలిసి, ఈ బిడ్డ ఇంటికి చేరుటకు ఎంత కావలెనని అడిగి తెలిసికొనుడి. ఆ లెక్క విని పర్సు తెరచుట ఆ దినపు ఆరాధనలో చివరి చరణము. పరులను చేర్చుకొని కుటుంబములలో నివసింపజేయు దేవుడు మీకును నాకును ఆ మనస్సు దయచేయును గాక.