వృద్ధురాలి ప్రశ్న

విశ్వవిద్యాలయంలో వాణిజ్యశాస్త్రం బోధించే రోజుల్లో ఒకసారి, స్వయం ఉపాధి పాఠంలో భాగంగా, విద్యార్థులను సమీపంలోని మేదరవాడకు తీసుకువెళ్లాను. బుట్టలల్లేవారికి కొత్త నమూనాలు, పట్నపు గిరాకీ, జమాఖర్చుల లెక్కలు నేర్పాలన్నది మా సంకల్పం.

గంటసేపు ఓపికగా విన్న ఒక వృద్ధురాలు, “అంతా బాగానే ఉంది బాబూ! వెదురు అరువిచ్చిన షావుకారుకే బుట్టలన్నీ ఇచ్చుకోవాలి, ఆయన చెప్పిన ధరకే. ఇక పట్నంలో అమ్మేదేముంది?” అన్నది. మా పాఠంలో ఆ ప్రశ్నకు తావే లేదు. విద్యార్థులు నా వైపు చూశారు. నేను నేల చూపులు చూశాను.

తిరుగుదారిలో జోబ్రా గుర్తుకు వచ్చింది. అది బంగ్లాదేశ్‌లో చిట్టగాంగ్ విశ్వవిద్యాలయానికి పొరుగు గ్రామం. 1974 నాటి కరవు చూసి చలించిన అర్థశాస్త్రాచార్యుడు ముహమ్మద్ యూనస్, విద్యార్థులతో కలిసి ఆ ఊరి గడపలు తొక్కారు. వెదురు పీటలల్లే స్త్రీ అక్కడా ఇదే ఉచ్చులో ఉంది. 1976లో లెక్క తీయగా, 42 మందికి కావలసిన సొమ్ము అంతా కలిపి 27 డాలర్లే! ఆయన దానిని సొంత జేబు నుంచి ఇచ్చారు. ఆ ప్రయత్నమే 1983లో గ్రామీణ బ్యాంకు అయింది. 2006లో ఆయనకూ, బ్యాంకుకూ నోబెల్ శాంతి బహుమతి లభించింది.

అప్పు సర్వరోగ నివారిణి కాదు. సూక్ష్మ రుణాల వసూళ్లలో వేధింపులను అరికట్టడానికి 2010లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆర్డినెన్సే తేవలసివచ్చింది. ఊరిని ముందు చదవాలి. బోధన ఆ తరువాతే.

మరుసటి ఏడు మా విద్యార్థులు ఉత్త నోటుపుస్తకాలతో వాడకు వెళ్లి, ఎవరు ఎవరికి ఎంత బాకీయో రాసుకువచ్చారు. మొదటి పేరు ఆ వృద్ధురాలిదే. ఆమె బాకీ, మేము వెళ్లివచ్చిన బస్సు అద్దె కన్నా తక్కువ.