ముప్పై వేల బండికి మూడు వేల వెలుతురు

మా 2004 మోడల్ మారుతి 800ని ఇప్పుడు అమ్మకానికి పెడితే ముప్పై వేలు పలకడం కూడా కష్టమే. దాని హెడ్‌లైట్లకూ వైరింగుకూ మూడు వేలు పెడతానంటే మా బావమరిది నవ్వాడు. "తూకానికి పోయే బండికి ఈ ముస్తాబేంటి బావా?"

అమ్మకం ధరతో పోలిస్తే అతనన్నది నిజమే. కానీ నేను అమ్మబోవడం లేదు. పదిహేనేళ్లు దాటిన కార్ల రిజిస్ట్రేషన్ రెన్యువల్ ఫీజు 2022 ఏప్రిల్ నుంచి 600 కాస్తా 5,000 అయింది. 2024లో అది కట్టి ఐదేళ్ల గడువు తెచ్చుకున్నా. చీకటి పడితే బయటకు తీయలేని బండికి అంత కట్టడం దేనికి? మూడు వేలను ఐదేళ్లకు పంచితే నెలకు యాభై రూపాయలు. కొత్త కారు కొంటే ఈఎంఐ వేలల్లో ఉంటుంది.

విజయవాడ ఆటోనగర్‌లో మొదట చూపించినవి 100/90 వాట్ల బల్బులు. చవకే, కానీ లోపం బల్బులో ఉంటే కదా! ఈ బండిలో హెడ్‌లైట్ల కరెంటంతా స్టీరింగ్ దగ్గరి స్విచ్ మీదుగా, సన్నటి వైర్లలోంచి వెళ్తుంది. 60 వాట్ల బల్బులు రెండంటే పది ఆంపియర్లు. ఇంజన్ ఆన్‌లో ఉండగా ఎలక్ట్రీషియన్ మీటర్ పెట్టాడు. బ్యాటరీ దగ్గర 13.8 వోల్టులు, బల్బు దగ్గర 11.7. హోల్డర్ ఊడదీస్తే ప్లాస్టిక్ గోధుమరంగుకు తిరిగి, ఒక పిన్ను దగ్గర కరిగి ఉంది. వోల్టేజీ పది శాతం తగ్గితే హాలోజన్ వెలుతురు ముప్పై శాతం దాకా పడిపోతుంది. మనం బల్బును తిట్టుకుంటాం. ఆ వైర్ల మీదే పెద్ద బల్బు వేస్తే స్విచ్ కూడా కాలుతుంది.

చివరికి నేను వేయించినవి ఇవీ: హై బీముకొకటి, లో బీముకొకటి రిలేలు, బ్యాటరీ నుంచి నేరుగా మందపాటి వైరు, బ్యాటరీ పక్కనే ఫ్యూజు, సిరామిక్ హోల్డర్లు, తుప్పు గీకి కొత్తగా బిగించిన ఎర్త్ పాయింటు. బల్బులు మాత్రం మామూలు 60/55 వాట్లవే. పాత స్విచ్‌కిక రిలేను కదిపే పనొక్కటే. ఫ్యూజు విషయంలో బేరం ఆడలేదు. ఎందుకంటే ఏడాదికి 2,094 రూపాయలు, ఆపైన జీఎస్టీ కట్టి థర్డ్ పార్టీ బీమా ఒక్కటే తీసుకుంటున్నా. వైరు కాలి బండి అంటుకుంటే పైసా రాదు. పనయ్యాక బల్బు దగ్గర 13.3 వోల్టులు వచ్చాయి.

ఎల్ఈడీ బల్బులు వేయమని బావమరిది ఇప్పటికీ పోరుతుంటాడు. హాలోజన్ ఫిలమెంటు కోసం చేసిన రిఫ్లెక్టరులో వాటి వెలుతురు చెదిరి ఎదుటివాళ్ల కళ్లలో పడుతుంది. పైగా నా లెక్కలో ఈ బండికి ఇక కొత్త పద్దు లేదు, టైర్లు తప్ప. ఇరవై ఏళ్లు దాటిన కార్లకు 2025లో రిజిస్ట్రేషన్ రెన్యువల్ ఫీజును పది వేలు చేశారు. 2029లో అది కట్టాలా, తూకానికే ఇవ్వాలా అన్నది అప్పుడు చూస్తా.