నల్లని యవసుర



అమరకోశం వల్లె వేసినవారికి అందులోని మద్యనామాలు గుర్తుండే ఉంటాయి. సుర, మదిర, కాదంబరి, మైరేయం, ఆసవం, సీధువు... విద్యార్థిదశలో ఇన్ని పేర్లు కంఠస్థం చేసిన మాలో ఒక్కరికీ వాటి రుచి తెలియదు. ముప్పై ఏళ్లకు పైగా తెలుగు పండితునిగా పనిచేసి, తిరుచానూరులో విశ్రాంత జీవనం గడుపుతున్న నాకు ఆ రుచి అరవై దాటాక, అమెరికాలో ఉన్న మా అబ్బాయి ఇంట తెలిసివచ్చింది.

అక్కడ అమ్మకానికి కాక సొంతానికైతే ఇంట్లోనే బీరు కాచుకోవచ్చు. 1978లో చేసిన చట్టం ఆ వెసులుబాటునిచ్చింది. బార్లీని, అంటే మన యవలను, నానబెట్టి, మొలకెత్తించి, ఆరబెట్టి, కొంత భాగాన్ని కాఫీగింజల్లా నల్లగా వేయిస్తారు. బీరుకు నలుపు ఆ వేపుడువల్లనే వస్తుంది. ఆ రసాన్ని హాప్స్ అనే చేదు పువ్వులతో మరిగించి, చల్లార్చి, ఈస్టు కలిపి పులియబెడతారు. మావాడు అందులో దాల్చినచెక్క, లవంగాలు, ఏలకులు, జాజికాయ, పిప్పళ్లు కూడా వేశాడు.

"బీరులో పిప్పళ్లేమిట్రా?" అన్నాను.

నిజానికి ఇందులో వింత లేదు. నీరు, బార్లీ, హాప్స్ తప్ప మరేమీ వాడరాదని బవేరియా ప్రభువులు శాసించింది 1516లో. హాప్స్ వ్యాపించకముందు ఐరోపాలో రకరకాల మూలికలతోనే బీరు కాచేవారు. బెల్జియంవారు నేటికీ కొన్ని బీర్లలో ధనియాలు, నారింజతొక్క వేస్తారు. మన కౌటిల్యుడు సైతం అర్థశాస్త్రంలో సురాధ్యక్షుని విధులు చెబుతూ, మైరేయంలో బెల్లంతోపాటు పిప్పళ్లు, మిరియాలు పడతాయన్నాడు.

ఇంత తెలిసీ నేను గ్లాసు ముట్టలేదు. శాస్త్రనిషేధం ఒక్కటే అందుకు కారణం కాదు. నేను పాఠాలు చెప్పిన పల్లెలో తండ్రి కూలిడబ్బులు సారాకొట్టుకు పోతుంటే, పద్యం తప్పులేకుండా అప్పజెప్పే ఒక ఆడపిల్ల ఎనిమిదో తరగతితో బడి మానేసింది. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు సారాపై తిరగబడ్డారని పత్రికల్లో చదివినప్పుడు నాకు గుర్తొచ్చింది ఆ పిల్లే. 1995లో సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది, రెండేళ్లకే సడలింది. గ్లాసు చూస్తే నాకు ఆ పిల్ల ఖాళీ చోటే కనబడుతుంది.

మావాడు బలవంతపెట్టలేదు. "నాన్నా, తాగొద్దులే. ఒక్కసారి వాసన చూడు" అన్నాడు.

చూశాను. అది మా ఇంటి వాసన. వాడు పుట్టినప్పుడు, తర్వాత వాడి చెల్లెలు పుట్టినప్పుడు, మా అత్తగారు నా భార్యకు పూటపూటా కొలిచి పోసిన దశమూలారిష్టం వాసన. మారేడు, పల్లేరు మొదలైన పది మొక్కల వేళ్లతో కాచిన కషాయానికి బెల్లం, తేనె, ధాతకీ పుష్పాలు చేర్చి పులియబెడితే అయ్యే మందది. లవంగం, దాల్చిన, ఏలకి, జాజికాయ, పిప్పలి అందులోనూ ఉంటాయి. కాచి పులియబెడితే అరిష్టం, కాచకుండా పులియబెడితే ఆసవం. అరిష్టంలో తనంతట పుట్టే మద్యసారం సాధారణంగా నూటికి అయిదు నుండి పది పాళ్లు. మావాడి బీరులో ఉన్నది ఆరు!

"అమ్మ అలమారలో ఆ సీసా చాలాకాలం ఉండేది కదా. ఆ వాసన రావాలని నాలుగుసార్లు కాచాను" అన్నాడు. ఆమె పోయి ఆరేళ్లయింది. ఈ ఆరేళ్లలో వాడు తల్లి ప్రస్తావన తనంతట తాను తేవడం అదే మొదలు.

ఉద్ధరిణెడు పుచ్చుకున్నాను. మొదట మాడిన బెల్లపు తీపి, వెనుక కాకరవంటి చేదు, చివర గొంతులో పిప్పలి ఘాటు. అరిష్టంలోని వగరు మాత్రం లేదు. అదే చెప్పాను. "వగరు వేళ్లది, పువ్వులది నాన్నా. అవి ఇక్కడెక్కడ తెచ్చేది?" అన్నాడు. ఆపైన అర్ధరాత్రి దాకా వాళ్లమ్మ గురించే మాట్లాడుకున్నాము. గ్లాసు అలాగే ఉండిపోయింది. నేనూ మళ్లీ అడగలేదు, వాడూ మళ్లీ ఇవ్వలేదు.

యవలతో చేసిన సురకు సంస్కృతంలో యవసుర అన్న మాట ఉండనే ఉంది. హాప్స్‌కు మాత్రం నాకు తెలుగు మాట తోచలేదు. తోచినవారు చెప్పగలరు. ఇంట అరిష్టాలు దించిన పెద్దలు మీ కుటుంబాల్లో ఉంటే, ఆ పద్ధతులు కూడా తెలుపవలసిందిగా ప్రార్థన.