సబ్బు నేర్పే సంయమనం

దేహశుద్ధికి, వస్త్రశుద్ధికి తెలుగువారు తరతరాలుగా ప్రకృతినే ఆశ్రయించారు. ఒంటికి సున్నిపిండి, తలకు కుంకుడుకాయ లేదా శీకాయ, అంట్ల గిన్నెలకు బూడిద ఆనాటి సాధనాలు. రజకులు బట్టలను చవుడు మట్టి కలిపిన నీటిలో నానబెట్టి, ఆవిరిపై ఉడికించి, చెరువు గట్టున బండపై ఉతికేవారు. చవుడులోను, బూడిదలోను ఉన్నది క్షారగుణమే. జిడ్డును విడదీసే శక్తి ఆ గుణానిదే. అదే క్షారం నూనెతో కలిసి, తన తీక్ష్ణతను విడిచి, ఒక కొత్త పదార్థంగా మారినప్పుడు దానిని సబ్బు అంటారు.

ఈ మార్పులోని రహస్యం చాలా కాలం వరకు మానవునికి అంతుపట్టలేదు. పూర్వం కట్టెల బూడిదను నీటిలో కలిపి, వడకట్టి, ఆ క్షారజలంతోనే కొవ్వును ఉడికించేవారు. ఆ జలంలో క్షారం ఎంత ఉన్నదో తెలిసేది కాదు. అందువల్ల ఒకనాటి సబ్బు మెత్తగా జారిపోయేది, మరొకనాటిది చర్మాన్ని మండించేది. 1791లో ఫ్రాన్సు దేశీయుడైన నికొలాస్ లెబ్లాంక్ సాధారణ ఉప్పు నుండి సోడా తయారుచేసే పద్ధతికి హక్కు పొందాడు. 1823లో అదే దేశానికి చెందిన షెవ్రూల్ కొవ్వుల స్వభావాన్ని వివరిస్తూ తన పరిశోధన గ్రంథాన్ని ప్రకటించాడు. ఆ కృషి వల్ల సబ్బు తయారీ ఊహను వీడి లెక్కకు లోబడింది. ఒక కొవ్వు అణువు మూడు క్షార అణువులతో కలిసి మూడు సబ్బు అణువులను, ఒక గ్లిసరాల్ అణువును ఇస్తుందని నేడు విద్యార్థులు తరగతి గదిలోనే నేర్చుకుంటున్నారు.

ఇటీవలి కాలంలో చేతితో చేసిన సబ్బుల పట్ల ఆదరణ పెరిగింది. అనేకమంది గృహిణులు, విద్యార్థులు వంటింట్లోనే సబ్బు చేయడానికి ఉత్సాహపడుతున్నారు. ఉత్సాహం మంచిదే. కాని ‘ఇంట్లో చేసినది కదా, హాని ఏముంటుంది?’ అనే నమ్మకం మాత్రం ప్రమాదకరమైనది. గట్టి సబ్బుకు కావలసిన క్షారం సోడియం హైడ్రాక్సైడ్. అంగళ్లలో దీనిని కాస్టిక్ సోడా అంటారు. చూడటానికి ఇది కలకండ పలుకులవలె తెల్లగా, అమాయకంగా కనిపిస్తుంది. తడి చర్మానికి తాకితే కాలుస్తుంది. కంటిలో పడితే చూపునే హరించగలదు.

తెలుగు వంటింటిలో కంటి కొలతకు గొప్ప గౌరవం ఉన్నది. ఆవకాయ కలిపే పెద్దామె త్రాసును వెదకదు. చేతితో తీసి వేసిన ఉప్పు, కారం, ఆవపిండి ఆమె అనుభవం వల్లనే సరిగ్గా అమరుతాయి. ఎప్పుడైనా కారం ఎక్కువైతే మరికొంత నూనె, మరికొన్ని ముక్కలు కలిపి సరిదిద్దవచ్చు. సబ్బు విషయంలో ఈ నైపుణ్యం చెల్లదు. 100 గ్రాముల కొబ్బరి నూనె పూర్తిగా సబ్బుగా మారడానికి సుమారు 18 గ్రాముల కాస్టిక్ సోడా కావాలి. అంతే బరువున్న నువ్వుల నూనెకు సుమారు 13 గ్రాములు చాలు. కొబ్బరి నూనె లెక్కను నమ్మి నువ్వుల నూనె పోసినవారి సబ్బులో 5 గ్రాముల క్షారం మిగిలిపోతుంది. అది కంటికి కనిపించదు. స్నానం చేసే పసివాని ఒంటి మీద మంటగా తెలుస్తుంది.

కాబట్టి సబ్బు చేసే ఇంటికి మొదట కావలసినది పరిమళ ద్రవ్యం కాదు, గ్రాములు చూపే మంచి త్రాసు. తొలిసారి నేర్చుకొనేవారు 300 గ్రాముల కొబ్బరి నూనె, 150 గ్రాముల నువ్వుల నూనె, 50 గ్రాముల ఆముదం తీసుకోవచ్చు. వీటికి పూర్తి లెక్క ప్రకారం సుమారు 81 గ్రాముల క్షారం పడుతుంది. అందులో నూటికి ఐదు వంతులు తగ్గించి 77 గ్రాములే వాడాలి. అప్పుడు కొద్దిపాటి నూనె సబ్బులో మిగిలి చర్మానికి మృదుత్వాన్నిస్తుంది, చిన్న పొరపాట్ల నుండి కాపాడుతుంది. నీరు 180 గ్రాములు సరిపోతుంది. నీటిని, నూనెలను కూడా గిద్దలతో, గ్లాసులతో కొలవక తూకం వేయడమే క్షేమం.

పనికి పూనుకొనే ముందు కళ్లకు రక్షణ అద్దాలు, చేతులకు రబ్బరు తొడుగులు, పొడవు చేతుల దుస్తులు, పాదాలకు చెప్పులు ధరించాలి. పిల్లలను, పెంపుడు జంతువులను ఆ గదిలోకి రానీయరాదు. కిటికీలు తెరిచి ఉంచాలి. అల్యూమినియం గిన్నెలు ఎంతమాత్రం పనికిరావు. క్షారం ఆ లోహాన్ని తినివేస్తూ మండే స్వభావం గల హైడ్రోజన్ వాయువును వెలువరిస్తుంది. స్టీలు పాత్రలు మేలు. వాటిని మరల వంటకు వాడక విడిగా దాచుకోవాలి.

ఎల్లవేళలా గుర్తుంచుకోవలసిన నియమం ఒకటున్నది. నీటిలోకే క్షారాన్ని కొద్దికొద్దిగా వేయాలి కాని, క్షారం మీద నీటిని పోయరాదు. పోస్తే ఒక్కసారిగా వేడి పుట్టి ద్రావణం ఎగసిపడుతుంది. చల్లని నీటిలో వేసినా ద్రావణం చేయి పెట్టలేనంతగా వేడెక్కుతుంది, ఘాటైన ఆవిరి లేస్తుంది. ముఖాన్ని దూరంగా ఉంచి నెమ్మదిగా కలిపి, ద్రావణాన్ని చల్లారనివ్వాలి. ద్రావణం, నూనెలు రెండూ సుమారు 40 డిగ్రీల సెల్సియస్ వేడికి వచ్చిన పిమ్మట, ద్రావణాన్ని సన్నని ధారగా నూనెలలో పోస్తూ కలియబెట్టాలి. గరిటెతో తీసి పైన జారవిడిచిన ధార క్షణకాలం గీతవలె నిలిచినప్పుడు మిశ్రమాన్ని అచ్చులలో పోయవచ్చు.

ఒకటి రెండు రోజులలో సబ్బు గట్టిపడుతుంది. తొడుగులతోనే దానిని తీసి, ముక్కలు కోసి, గాలి తగిలే నీడలో నాలుగు నుండి ఆరు వారాలు ఆరబెట్టాలి. మిగిలిన నీరు ఆవిరై, సబ్బు గట్టిపడి, సౌమ్యమవుతుంది. పరీక్షకు పీహెచ్ కాగితం ఉపకరిస్తుంది. సబ్బు నురుగు 9, 10 మధ్య చూపడం సహజం. 11 దాటితే దానిని ఒంటికి వాడరాదు. ఆరడం వల్ల లెక్క తప్పు సరికాదు.

ఎంత జాగ్రత్త వహించినా క్షారం చర్మం మీద పడవచ్చు. వెంటనే తడిసిన దుస్తులు తొలగించి, ధారగా పారే నీటితో కనీసం పావుగంట నుండి ఇరవై నిమిషాలు కడగాలి. వెనిగరో, నిమ్మరసమో పోసి విరుగుడు చేయబోవడం తగదు. కంటిలో పడితే కడుగుతూనే వైద్యుని వద్దకు చేర్చాలి. ఎవరైనా మింగితే వాంతి చేయించరాదు, తక్షణం ఆసుపత్రికి తీసుకుపోవాలి. క్షారాన్ని గాని, దాని ద్రావణాన్ని గాని మంచినీళ్ల సీసాలో పోసి ఉంచడం మహాపరాధం. దాహంతో వచ్చిన బిడ్డ సీసాను చూస్తుంది కాని, అందులోని ద్రవాన్ని గుర్తించలేదు. గాలిలోని తేమను పీల్చుకొనే గుణం ఉన్నందున దానిని బిగుతైన మూతగల డబ్బాలో, పేరు వ్రాసి, అందని ఎత్తులో, తాళం వేసి భద్రపరచాలి. ఇంత ఏర్పాటుకు వీలులేని ఇంటివారు సిద్ధంగా దొరికే సబ్బు దిమ్మను కరిగించి, అచ్చులలో పోసుకొనే మార్గం ఎంచుకోవడంలో చిన్నతనం లేదు.

చేతివృత్తి అంటే చేతికి తోచినట్లు చేయడం కాదని సబ్బు నేర్పుతుంది. తూచేటప్పుడు తొందర, ఆరబెట్టేటప్పుడు ఆత్రం చూపిన చేయి క్షారానికి లొంగుతుంది. ఓర్పుతో కొలిచిన చేతికి ఆ క్షారమే లొంగి, నురుగై, పసివాని చెంపను సైతం నొప్పించని మెత్తదనంగా మారుతుంది. ఇంటి సబ్బు గొప్పతనం దాని పరిమళంలో లేదు, దానిని వాడబోయేవారి పట్ల చేసినవారు చూపిన బాధ్యతలో ఉన్నది.