టిక్కెట్ల తగాదా కట్టించిన స్టేడియం

ముంబయి చర్చిగేట్‌ స్టేషన్లో దిగి సముద్రం వైపు నడుస్తుంటే ఎడమపక్కన బ్రబోర్న్‌ స్టేడియం కనిపిస్తుంది. కుడివైపు తిరిగి కాస్త దూరం వెళితే, రైలు పట్టాల పక్కనే వాంఖడే. ఒకదాన్నుంచి ఇంకోదానికి నడిచేంత దూరమే. ఇంత దగ్గరగా రెండు పెద్ద క్రికెట్‌ స్టేడియాలు ఎందుకు? టిక్కెట్ల దగ్గర వచ్చిన గొడవ వల్ల!

1937లో మొదలైన బ్రబోర్న్‌కి యజమాని క్రికెట్‌ క్లబ్‌ ఆఫ్‌ ఇండియా. అక్కడ టెస్టులు జరిపించేదేమో బాంబే క్రికెట్‌ అసోసియేషన్‌. ఇల్లు ఒకరిది, పెళ్లి ఇంకొకరిది అన్నమాట! మంచి సీట్లు మా సభ్యులకే అని క్లబ్బు. మా కింద ఉన్న జట్లకూ, అమ్ముకోవడానికీ సీట్లు కావాలి కదా అని అసోసియేషన్‌. టెస్టు వచ్చిందంటే చాలు, ఇదే పేచీ.

1970ల్లో తెగేదాకా వచ్చింది. అసోసియేషన్‌ పెద్ద ఎస్‌.కె.వాంఖడే రాజకీయాల్లో ఆరితేరినవాడు. అద్దె కొంపలో ఎన్నాళ్లని పడుంటాం అనుకున్నాడేమో, పంతం పట్టి సొంత స్టేడియమే కట్టించాడు. 1975 జనవరిలో అక్కడ తొలి టెస్టు. వెస్టిండీస్‌ కెప్టెన్‌ లాయిడ్‌ 242 కొట్టి నాటౌట్‌గా నిలిచాడు.

మరి బ్రబోర్న్‌? 1973 ఫిబ్రవరి తర్వాత అక్కడ టెస్టు చూడాలంటే 2009 డిసెంబరు దాకా ఆగాల్సొచ్చింది. అదీ 2011 ప్రపంచకప్‌ కోసం వాంఖడేకి మరమ్మతులు జరుగుతుండబట్టి! ఆ టెస్టులోనే శ్రీలంక మీద సెహ్వాగ్‌ 293 దగ్గర అవుటయ్యాడు.