క్యూలో దొరికిన తాతమ్మ

డిస్ట్రిక్ట్ లైను రైలు క్యూ గార్డెన్స్ స్టేషన్లో ఆగగానే పెట్టె సగం ఖాళీ అయింది. దిగినవాళ్లంతా చెట్లూ పూలూ చూడటానికి ఒకవైపు పోయారు. మేమిద్దరం రెండోవైపు తిరిగాం. నా పక్కన మా పొరుగింటి పెద్దావిడ. ఎనభై ఏళ్లు. చేతికర్ర పట్టుకుని కూడా నాకంటే ముందే నడుస్తుంది. వాళ్ల తాతగారి తల్లి ఎవరో, ఎక్కడిదో తేల్చుకోవాలని బయల్దేరింది. సంచి మోయడానికీ, కంప్యూటరు నొక్కడానికీ నన్ను తోడు తెచ్చుకుంది.

పది నిమిషాల నడక. ఒక చెరువు, అందులో బాతులు, వెనక 1977లో తెరిచిన కాంక్రీటు కోట. అదే బ్రిటన్ నేషనల్ ఆర్కైవ్స్. 1086 నాటి భూముల లెక్క, డూమ్స్‌డే పుస్తకం ఉండేది ఇక్కడే. నేను మన తాలూకా కచేరీ రికార్డు గదిని ఊహించుకుని వెళ్లాను. గుడ్డ మూటలు, దుమ్ము, తుమ్ములు. తీరా చూస్తే కాఫీ వాసన, వరసగా కంప్యూటర్లు. అసలు కాగితాలు చూసే గదిలోకి రీడర్స్ టికెట్ ఉంటేనే పోనిస్తారు. పెన్ను పనికిరాదు, పెన్సిలే. పాత జనగణన పుస్తకాలు మాత్రం తెరమీదే చూసుకోవాలి. కొంచెం ఉసూరుమన్నాను.

పెద్దావిడ మూడు కాగితాలు బల్లమీద పరిచింది. తాత జనన పత్రం, ఆయన తల్లి పెళ్లి పత్రం, ఆమె జనన పత్రం. ఇవి ఇక్కడ దొరికేవి కావు, జనరల్ రిజిస్టర్ ఆఫీసు నుంచి నకళ్లు తెప్పించుకోవాలి. ఇంగ్లండ్, వేల్సుల్లో ఈ నమోదు 1837 జులై 1న మొదలైంది. అంతకు ముందువి కావాలంటే చర్చి రిజిస్టర్లే దిక్కు. వెతుకులాట ఎప్పుడూ మనవడి దగ్గర మొదలై వెనక్కి పోతుంది. తాత 1876లో పుట్టాడు. ఆయన జనన పత్రంలో తల్లి పుట్టింటిపేరు ఉంది. ఆ పేరు పట్టుకుంటే 1863 నాటి పెళ్లి పత్రం దొరికింది. ఊరు ప్రెస్టన్, లాంకషైర్‌లో నూలు మిల్లుల పట్నం. వధువు సంతకం ఉండాల్సిన చోట ఇంటూ గుర్తు. పక్కన, ఇది ఫలానా ఆమె వేలిముద్ర లాంటిదే అన్నట్టు గుమాస్తా రాత.

ఆ పెళ్లి పత్రంలో వధువు తండ్రి పేరుంది. ఆమె 1840 నాటి జనన పత్రంలో మాత్రం తండ్రి గడిలో ఒక గీతే ఉంది.

"పుట్టినప్పుడు లేని తండ్రి పెళ్లినాటికి ఎక్కణ్ణుంచి వచ్చాడండీ?" అన్నాను.

"అందుకేగా వచ్చాం, చూడు" అంది.

ఇంగ్లండ్‌లో జనాన్ని లెక్కపెట్టడం 1801లోనే మొదలైనా, దేశమంతటా మనుషుల పేర్లు మిగిలింది 1841 నుంచే. ఆ ఏడు వివరాలు పొదుపు. పదిహేను దాటినవాళ్ల వయసును అయిదుల్లోకి కుదించి రాశారు, ఇంట్లో ఎవరు ఎవరికి ఏమవుతారో రాయలేదు. 1851లో ఆ గడి వచ్చింది. మా పిల్ల అందులో దొరికింది. వయసు పదకొండు, ఇంటి యజమానికి మనవరాలు. ఆ యజమాని పేరే, పన్నెండేళ్ల తర్వాత పెళ్లి పుస్తకంలో తండ్రి పేరు! చర్చిలో నలుగురి ముందు తండ్రెవరని అడిగితే, పెంచిన తాత పేరు చెప్పింది. అది తప్పుడు సాక్ష్యమంటే నేను ఒప్పుకోను.

ఆ తర్వాత పదేళ్లకోసారి పెట్టిన లెక్కలు చూస్తుంటే నవ్వాగలేదు. 1861లో ఇరవై ఒకటి, మిల్లులో మరమగ్గం నేత. పెళ్లయ్యాక, 1871లో ఇరవై ఎనిమిది! 1881లో ముప్ఫై ఆరు. 1901కి యాభై అయిదు. భర్త తనకంటే నాలుగేళ్లు చిన్నవాడు, ఆ సంగతి వీధికి తెలియకూడదనుకుంది కాబోలు. తీరా 1911లో డెబ్భై ఒకటి. పదేళ్లలో పదహారేళ్లు పెరిగింది. 1908లో చట్టం చేసి, 1909 జనవరి నుంచి డెబ్భై నిండినవాళ్లకు వారానికి అయిదు షిల్లింగుల దాకా పింఛను ఇచ్చారు. నలభై ఏళ్లు దాచిన వయసును ఆ షిల్లింగులు బయటికి లాగాయి.

1911 కాగితం దగ్గర పెద్దావిడ ఆగిపోయింది. అంతకు ముందువన్నీ లెక్కల మనిషి ఎత్తిరాసుకున్న పుస్తకాలు. 1911లోవి ఇంటాయన స్వయంగా నింపిన కాగితాలే. అంటే అది వాళ్ల తాతగారి చేతిరాత. ఆ ఏడు పెళ్లయిన ఆడవాళ్లను ఎంతమంది పిల్లలు పుట్టారు, ఎంతమంది బతికున్నారు, ఎంతమంది పోయారు అని అడిగారు. విధవల విషయంలో అది నింపక్కర్లేదు. తాతకు ఆ సంగతి తెలీక, విధవరాలై తన ఇంట్లో ఉన్న తల్లి పేరెదుట కూడా రాసేశాడు. ఆఫీసువాళ్లు కొట్టేశారు. కొట్టివేత కింద అంకెలు చక్కగా కనిపిస్తున్నాయి. తొమ్మిది, నాలుగు, అయిదు. పుట్టినవాళ్లు తొమ్మిది మంది, బతికింది నలుగురు.

"నలుగురే అనుకున్నాం" అంది పెద్దావిడ. చాలాసేపు ఇంకేం మాట్లాడలేదు.

నాకు మా ముత్తాత గుర్తొచ్చాడు. 1881 ఫిబ్రవరి 17న ఇండియాలో, ఏప్రిల్ 3న ఇంగ్లండ్‌లో జనాన్ని లెక్కపెట్టారు. పరిపాలన ఒకటే. ప్రెస్టన్ నేతకత్తె పేరు, అబద్ధపు వయసుతో సహా, ఇక్కడ భద్రంగా ఉంది. కృష్ణా జిల్లాలో మా వాళ్ల గుమ్మం ముందు కూడా ఎవరో నిలబడి లెక్క రాసుకునే ఉంటారు. మా ముత్తాత మద్రాసు ప్రెసిడెన్సీ పట్టికలో ఒక అంకెగా కలిసిపోయాడు. తద్దినం మంత్రంలో మూడు తరాల పేర్లు చెబుతాం, నాలుగో తరం నుంచి మాకు చీకటి.

తిరిగి స్టేషనుకు నడిచే దారిలో బ్రౌన్ దొర ప్రసక్తి తెచ్చాను. మన నిఘంటుకర్త సి.పి. బ్రౌన్ 1798 నవంబరు 10న కలకత్తాలో పుట్టాడు, 1884 డిసెంబరు 12న లండన్లో పోయాడు, కెన్సల్ గ్రీన్‌లో సమాధి. ఆయన మరణం వెతకాలంటే ఇంగ్లండ్ సర్కారు రిజిస్టరు. పుట్టుక వెతకాలంటే మాత్రం యూస్టన్ రోడ్డులోని బ్రిటిష్ లైబ్రరీ పుస్తకాలు చూడాలి. ఈస్టిండియా కంపెనీ చర్చి గురువులు బాప్తిస్మాల నకళ్లు లండన్‌కు పంపేవారు, అవి అక్కడున్నాయి. మద్రాసువి, బెంగాలువి, బొంబాయివి వేర్వేరుగా. బ్రౌన్ తండ్రి కూడా కలకత్తాలో అలాంటి గురువే. మీ ఊళ్లో ఏ దొర సమాధైనా ఉంటే, వాడి పేరు ఆ పుస్తకాల్లో వెతికిచూడొచ్చు.

రైలెక్కాక, ఇక తర్వాత ఏది చూడాలి అని అడిగాను. 1921 గణన 2022లో తెరిచారు. 1931ది 1942 డిసెంబరులో హేస్‌లోని గోదాములో అంటుకుని బూడిదైంది. 1941లో యుద్ధంవల్ల లెక్కే పెట్టలేదు. మిగిలింది 1951ది. వందేళ్లు నిండాలి కాబట్టి 2052 దాకా ఎవరికీ చూపరు.

అందులో మా పెద్దావిడ ఆరేళ్ల పిల్ల. నా నోటుబుక్కు తీసుకుని, ఆ నాటి వీధి పేరు, ఇంటి నంబరు, తండ్రి పేరు పెన్సిలుతో రాసి ఇచ్చింది.