వెంట్రుకలో నాలుగో వంతు

రామచంద్రపురం దాటితే ద్రాక్షారామం ఎంతో దూరం కాదు. దారికి అటూ ఇటూ వరిచేలు, గట్ల మీద కొబ్బరిచెట్లు, మధ్యమధ్య రైసుమిల్లులు. కాకినాడ నుంచి వస్తే సుమారు ముప్పై కిలోమీటర్లు. రైలు మార్గమూ ఉంది గానీ దానిది పెద్ద కథ. 1928లో వేసిన కాకినాడ-కోటిపల్లి పట్టాల్ని రెండో ప్రపంచ యుద్ధ కాలంలో పీకి పట్టుకుపోయారు. మళ్లీ వేసింది 2004లో! ఈ మధ్యలో రెండు తరాలవాళ్లు రోడ్డునే నమ్ముకున్నారు.

ఊళ్లోకి వచ్చేవాళ్లలో ఎక్కువమంది భీమేశ్వరుడి కోసమే వస్తారు. పంచారామాల్లో ఇదొకటి. శ్రీశైలం, కాళేశ్వరాలతో కలిపి త్రిలింగ దేశానికి గుర్తుగా చెప్పుకునే మూడు క్షేత్రాల్లోనూ ఇదొకటి. తూర్పు చాళుక్య రాజు చాళుక్య భీముడి పేరుతో ముడిపడిన గుడి. గర్భాలయానికి రెండంతస్తులుంటాయి. కింద స్వామి పాదభాగాన్ని దర్శించుకుని, మెట్లెక్కి పైకెళితే శిరోభాగం కనిపిస్తుంది. దర్శనం అయ్యాక చాలామంది ప్రసాదం తీసుకుని సప్తగోదావరి గుండం వైపు నడుస్తారు. స్తంభాల దగ్గర, గోడల దగ్గర కాసేపు ఆగేవాళ్లు తక్కువ. అక్కడ వందల ఏళ్ల నాటి శాసనాలున్నాయి. అఖండ దీపం పెట్టించిన దాతలు ఊరికే 'దీపం పెట్టించాం' అని రాయించి వదల్లేదు. దాని కోసం ఏమేం ఇచ్చారో, దీపానికి నెయ్యి ఎలా అందాలో కూడా రాతి మీద చెక్కించారు. ఇచ్చిన లెక్క ఒకటి, దీపానికి చేరిన లెక్క ఇంకొకటి కాకూడదని కాబోలు!

డెల్టాలో ఈ తేడా తెలియని రైతు ఉండడు. ధవళేశ్వరం ఆనకట్ట పని 1847లో మొదలై 1852లో పూర్తయింది. అప్పట్నుంచీ ఇక్కడి సేద్యమంతా కాలువల మీదే నడుస్తోంది. పైన లాకు దగ్గర తలుపు ఎంత ఎత్తారన్నది ఒక సంగతి. శివారు చేనుకు ఎంత నీరు చేరిందన్నది వేరే సంగతి. దారిలో గండ్లు పడొచ్చు, గుర్రపుడెక్క అడ్డం పడొచ్చు. అందుకే శివారు రైతు తలుపు మాట నమ్మడు, నీళ్లలో పాతిన గేజీ చూస్తాడు. వరదల రోజుల్లోనూ అంతే. భద్రాచలం దగ్గర 43 అడుగులు దాటిందంటే మొదటి హెచ్చరిక, ధవళేశ్వరం దగ్గర 11.75 అడుగులకు మొదటి హెచ్చరిక... ఈ అంకెలు ఇక్కడి పిల్లలకు కూడా ఎక్కాల్లా వచ్చు.

సరిగ్గా ఇదే తిప్పలు లేత్ మిషను దగ్గర కూడా ఉన్నాయి.

రైసుమిల్లులున్న చోట లేత్ షెడ్లు ఉండక తప్పదు. సార్వా పంట ఇంటికొచ్చే వేళ, లేదా దాళ్వా కోతల వేళ మిల్లులో ఒక షాఫ్టు అరిగిందనుకోండి. కొత్తది తెప్పించేదాకా లారీలు ఆగవు, ధాన్యమూ ఆగదు. అరిగిన చోట వెల్డింగు పోయించి, లేత్ మీద మళ్లీ తరిగి బేరింగు ఎక్కించాలి. యాభై మిల్లీమీటర్ల షాఫ్టుకు మామూలుగా వాడే బిగింపు ప్రమాణం ఒకటుంది. దాని ప్రకారం షాఫ్టు యాభై కన్నా రెండు మైక్రాన్ల నుంచి పద్దెనిమిది మైక్రాన్ల దాకా లావుగా ఉండొచ్చు. అంటే టర్నరుకు దొరికే వెసులుబాటు పదహారు మైక్రాన్లు. మనిషి తల వెంట్రుక సుమారు డెబ్బై మైక్రాన్లుంటుంది. అందులో నాలుగో వంతన్నమాట! కాస్త సన్నమైతే బేరింగు లోపలి రింగు షాఫ్టు మీదే జారి తిరుగుతూ దాన్ని తినేస్తుంది. లావైతే బేరింగు బిగుసుకుని వేడెక్కుతుంది. తరిగిన ఇనుము తిరిగి అంటుకోదు. ఒక్క కోత ఎక్కువైతే మళ్లీ వెల్డింగు, మళ్లీ మొదటికి.

మరి చేతిచక్రం మీద గీతలున్నాయి కదా, వాటిని చూసి తిప్పితే సరిపోదా? సరిపోదు. చక్రం తిప్పితే మరస్క్రూ తిరుగుతుంది, స్క్రూ తిరిగితే నట్టు కదులుతుంది, నట్టు కదిలితే పనిముట్టు జరుగుతుంది. ఏళ్ల తరబడి వాడిన మిషనులో స్క్రూకూ నట్టుకూ మధ్య సందు పడుతుంది. షెడ్లలో దీన్ని 'ప్లే' అంటారు. ముందుకు తిప్పుతున్న చక్రాన్ని వెనక్కి తిప్పితే, గీతలు కదులుతాయి గానీ పనిముట్టు ఉన్నచోటే ఉంటుంది. లాకు తలుపు ఎత్తినా శివారుకు నీరు రానట్టే! అనుభవమున్న టర్నర్లు ఎప్పుడూ ఒకే వైపు నుంచి వస్తారు. దాటిపోతే బాగా వెనక్కి లాగి మళ్లీ ముందుకొస్తారు. ఈ చేతివాటం ఏళ్ల మీద వచ్చేది. రాజమండ్రిలో 1930ల నుంచీ ఎబొనైట్ కడ్డీల్ని లేత్ మీద తరిగి రత్నం పెన్నులు చేస్తున్నది ఇలాంటి చేతులే. క్యాపుకూ కలం ఒంటికీ మర కుదరడం చూస్తే ఆ నేర్పు తెలుస్తుంది. కానీ కొత్తగా పనిలోకి వచ్చిన కుర్రాడికి ఆ చెయ్యి అరువు దొరకదు.

అందుకే వచ్చింది డిజిటల్ రీడవుట్. పొట్టిగా డీఆర్వో. మన దగ్గర డీఆర్వో అంటే కలెక్టరాఫీసులో రెవెన్యూ అధికారి గుర్తొస్తాడు గానీ, ఈ డీఆర్వో చేసేదల్లా ఒకటే పని. చక్రాన్నీ స్క్రూనూ పక్కన పెట్టి, పనిముట్టు మోసే స్లైడుకే ఒక కొలబద్ద తగిలించి, అది నిజంగా ఎక్కడుందో అంకెల్లో చూపిస్తుంది. శివారు గేజీ లాగా.

కంపెనీలు అమ్మేవాటిలో గాజు స్కేలు ఉంటుంది. దాని మీద మిల్లీమీటరుకు యాభై సన్నటి గీతలుండటం మామూలు. అలాంటి గీతలే ఉన్న చిన్న గాజుముక్క దాని మీద జరుగుతుంటే, వెనక నుంచి పడే వెలుగు మినుకుమినుకుమంటుంది. ఒక జల్లెడ మీద ఇంకో జల్లెడ పెట్టి మెల్లగా జరిపి చూడండి. పెద్ద పెద్ద నీడలు అలల్లా కదులుతాయి. కిటుకు అదే. చిన్న కదలికను పెద్ద నీడగా చూపించి లెక్కపెట్టడం. అయితే అటు జరిగిందా, ఇటు జరిగిందా? గుళ్లో ప్రదక్షిణ చేసేవాళ్లను ఒక స్తంభం దగ్గర ఒక్కడే కళ్లు మూసుకుని అడుగుల చప్పుడుతో లెక్కపెడితే ఎటు వెళుతున్నారో తెలియదు. పక్కపక్కనే ఇద్దరు నిలబడితే, ముందు ఎవరికి వినిపించిందో దాన్ని బట్టి తెలిసిపోతుంది. స్కేలు లోపల కూడా ఇలాగే రెండు కళ్లు, కాస్త ఎడంగా ఉంటాయి.

ఇవి వేల రూపాయల ఖర్చు. అమెరికా, ఐరోపాల్లో ఇంటి వెనక షెడ్డులో లేత్ పెట్టుకున్న ఔత్సాహికులు ఇరవై ఏళ్ల నుంచీ దీనికో దగ్గరదారి పట్టారు. వాళ్లు వాడేది మనకూ దొరికేదే. చవక డిజిటల్ వెర్నియర్ కాలిపరు. దాని స్టీలు పట్టీకి అతికించిన బోర్డు మీద రాగి పళ్లు వరసగా ఉంటాయి. పైన జరిగే ముక్కలోనూ రాగి పళ్లే. రెంటి మధ్య సన్నటి ఖాళీ. పళ్లు ఎదురెదురుగా వచ్చినప్పుడూ తప్పుకున్నప్పుడూ వాటి మధ్య నిలిచే విద్యుదావేశం మారుతుంది. ఆ మార్పుని బట్టి మిల్లీమీటరులో నూరోవంతు దాకా చెబుతుంది. కాలిపరు దవడలు కోసేసి, పట్టీని లేత్ బెడ్‌కూ, జరిగే ముక్కను క్యారేజికీ బిగిస్తారు. కొన్ని రకాల్లో అంకెలు బయటికి పంపే చిన్న సాకెట్టు ఉంటుంది. అక్కణ్నుంచి తీగలు లాగి ఆర్డ్యునో లాంటి బోర్డుకు కలిపితే పెద్ద అంకెల తెర మీద చూసుకోవచ్చు. కాలిపరు ఒకటిన్నర వోల్టులతో మాట్లాడుతుంది, బోర్డుకు అంతకన్నా ఎక్కువ కావాలి కాబట్టి మధ్యలో రెండు ట్రాన్సిస్టర్లు దుబాసీ పని చేస్తాయి.

ఇంత సులువైతే ప్రతి షెడ్డులోనూ ఉండొచ్చుగా? ఇక్కడే గోదావరి గాలి అడ్డొస్తుంది. రాగి పళ్ల మధ్య ఖాళీలోకి నీటిచుక్క చేరితే లెక్క తప్పిపోతుంది. మెటలు కోసేటప్పుడు పోసే కూలెంటు నీళ్లే కదా! వానాకాలపు తేమా తోడైతే అంకెలు పిచ్చిపట్టినట్టు గంతులేస్తాయి. అందుకే కూలెంటు వాడే లేత్‌కు అయస్కాంతపు పట్టీ మేలు. దాని మీద ఉత్తర, దక్షిణ ధ్రువాలు మిల్లీమీటరు చొప్పున మారిపోతుంటాయి. వాటిని చదివే చిప్పులు వేరుగా దొరుకుతాయి. నీళ్లకూ నూనెకూ అది లొంగదు. ఇనుపరజను మాత్రం మీదకెక్కి కూర్చుంటుంది. గుడ్డతో తుడుచుకోవాలి.

సొంతంగా బిగించేవాళ్లు బోర్డు దగ్గర కన్నా బిగింపు దగ్గరే ఎక్కువ తప్పులు చేస్తారు. పట్టీ లేత్ బెడ్‌కు ఒక్క డిగ్రీ వంకరగా ఉంటే, మూడువందల మిల్లీమీటర్ల నడకలో నలభై అయిదు మైక్రాన్లు తేడా వస్తుంది. ఇందాకటి షాఫ్టుకు దొరికే వెసులుబాటుకు ఇది దాదాపు మూడింతలు! ఇంకొకటి, క్రాస్ స్లైడు ఒక మిల్లీమీటరు లోపలికి వెళితే షాఫ్టు వ్యాసం రెండు మిల్లీమీటర్లు తగ్గుతుంది. తెర మీద కనిపించేది ఏ లెక్కో మర్చిపోతే పని పాడవుతుంది.

ఎండ సంగతి సరేసరి. కొలతలకు ప్రపంచమంతా ఒప్పుకున్న ఉష్ణోగ్రత 20 డిగ్రీలు. రోహిణి కార్తెలో రేకుల షెడ్డులో నలభై! మూడువందల మిల్లీమీటర్ల ఉక్కు కడ్డీ ఆ ఇరవై డిగ్రీలకే డెబ్బై మైక్రాన్ల దాకా సాగుతుంది. ఇక్కడ ఏ సెన్సరూ సాయం చెయ్యదు. కోత వేడి తగ్గేదాకా ఆగి, మైక్రోమీటరుతో చూసుకున్నాకే చివరి కోత వెయ్యాలి. పాత టర్నరు చేసేదీ అదే. తెర వచ్చాక కూడా మైక్రోమీటరును గూట్లో పెట్టేయడం కుదరదు.

ఇక కరెంటు. గాజు స్కేలైనా, ఇంట్లో అల్లుకున్న అయస్కాంతపు పట్టీ అయినా చాలావరకు అడుగులు లెక్కపెట్టే రకమే. కరెంటు పోతే లెక్క పోతుంది. వచ్చాక మళ్లీ సున్నా దగ్గర్నుంచి మొదలు. సగం తరిగిన షాఫ్టు చక్‌లో ఉండగా ఇలా జరిగితే టర్నరు తల పట్టుకుంటాడు. కాలిపరు వాడినవాళ్లకు ఈ ఒక్క విషయంలో దిగుల్లేదు. దాని లోపలుండేది గుండీ సెల్. షెడ్డు మొత్తం చీకటైపోయినా, పనిముట్టు ఎక్కడుందో ఆ చిన్న గాజుకిటికీలో అంకె అలా నిలిచే ఉంటుంది. టార్చి వేసుకుని చూసుకోవడమే.